పేరు అచ్చుకాని విలేకరి జీవితాన్ని ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది ఇదీ: మీ తాత హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రికలో చాలా ఏళ్లు స్థానిక విలేకరిగా పనిచేశారు. సొంతూరు నల్లగొండ వైపు. ఆయన పోయాక ఇంట్లో ఒక ఇనప ట్రంకు పెట్టె మిగిలింది. అందులో అక్రెడిటేషన్ కార్డులు, పేపరు కత్తిరింపులు అంటించిన నోటుబుక్కులు, ఉర్దూలో రాసిన రెండు మూడు కాగితాలు ఉన్నాయి. లైబ్రరీకి వెళ్లి పాత సంచికలు తిరగేస్తే ఆయన పేరు ఒక్కచోటా కనిపించలేదు. ఆయన జీవితాన్నీ, దాంతోపాటు మీ ఇంటి చరిత్రనూ రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని.

నా ఉద్యోగమంతా హైదరాబాద్ పత్రికల డెస్కుల్లోనే గడిచింది. సీసం అక్షరాల రోజుల్లో ప్రూఫులు దిద్దడంతో మొదలుపెట్టి, సిటీ డెస్కు చూస్తూ రిటైరయ్యాను. ఆ తర్వాత పాత మిత్రుల పిల్లలో మనవలో ఇలాంటి పని మీద వస్తే వాళ్లతో కలిసి లైబ్రరీలకు వెళ్తున్నాను. ఆ అనుభవంతో మీకు ముందుగా చెప్పేది ఒకటే. పత్రికలో మీ తాత పేరు కోసం వెతకడం ఆపేయండి, ఆయన పని కోసం వెతకండి. ఆయన ఏ రోజు ఎక్కడ ఉన్నారో తెలిస్తే, ఆ మర్నాటి పేపర్లో ఆయన దొరుకుతారు.

పేరు ఎందుకు కనిపించలేదో చెబుతాను. వార్త పైన రాసినవాళ్ల పేరు చూడటం ఇప్పటి పాఠకులకు అలవాటైపోయింది. స్థానిక వార్తకు చాలాకాలం ఆ మర్యాద దక్కలేదు. ప్రత్యేక కథనానికో, ఆదివారం అనుబంధంలో వ్యాసానికో పేరు వేసేవాళ్లు. మిగతావన్నీ ‘మా విలేకరి’, ‘మా ప్రతినిధి’ అనే మాటతోనో, ఉత్త ఊరి పేరూ తేదీతోనో మొదలయ్యేవి. నల్లాలో మురికినీళ్లు వచ్చినా, మున్సిపల్ సమావేశంలో గొడవైనా, నాంపల్లి కోర్టులో తీర్పు వచ్చినా, ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ధర్నా జరిగినా రాసింది ఎవరో పాఠకుడికి తెలిసేది కాదు. ఆఫీసులో మాత్రం అందరికీ తెలుసు. ఇరవై ఏళ్లు రోజుకు నాలుగైదు ఐటెమ్‌లు రాసిన మనిషి పేరు ఆ ఇరవై ఏళ్లలో పది పన్నెండుసార్లు అచ్చయితే గొప్ప. కలం పేరుతో కథలో, నాటికల సమీక్షలో రాసేవాళ్లూ ఉండేవారు. అందుకని ఆయన స్నేహితులు ఆయన్ని ఇంకేదైనా పేరుతో పిలిచేవారేమో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

ఆయన తండ్రో పెదతండ్రో కూడా పత్రికల్లో రాసేవారని ఇంట్లో అనుకుంటూ ఉంటే, పోలీస్ యాక్షన్‌కు, అంటే 1948లో భారత సైన్యం నిజాం రాజ్యంలోకి రావడానికి, ముందు కాలం లెక్కే వేరని గుర్తుంచుకోండి. అప్పట్లో పత్రిక పని దాదాపు ఎవరికీ పూర్తికాల ఉద్యోగం కాదు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఆయన చదివింది న్యాయశాస్త్రం, రెడ్డి హాస్టల్ బాధ్యతలూ మోశారు. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రిక 1947లో దినపత్రిక అయింది. దానికి ఊళ్ల నుంచి వార్తలు పంపినవాళ్లు బడి పంతుళ్లు, వకీళ్లు, గ్రంథాలయాలు నడిపినవాళ్లు. మీ ఇంట్లో ‘ముత్తాత వకీలు’ అని మాత్రమే గుర్తుండి ఉండొచ్చు. ఆ రోజుల్లో పేరు దాచుకోవడంలో క్షేమం కూడా ఉండేది. ఉర్దూ పాత్రికేయుడు షోయబుల్లా ఖాన్ పనిచేసిన తాజ్ పత్రిక మీద నిషేధం పడింది. ఆ తర్వాత చేరిన మందుముల నర్సింగరావు గారి రయ్యత్ మీదా పడింది. ఆపైన సొంతంగా ఇమ్రోజ్ పెట్టారు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి పోతుండగా కాచిగూడ ప్రాంతంలో ఆయన చెయ్యి నరికి చంపారు. పక్కనున్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ చెయ్యి కూడా పోయింది. ఆయన రాసిన రాజకీయాల గురించి పుస్తకాల్లో దొరుకుతుంది. కానీ తండ్రి ఆయన్ని ముద్దుగా గాంధీ అని పిలిచేవాడన్న ముచ్చట ఏ సంపాదకీయంలోనూ ఉండదు. అలాంటిది ఇంట్లోవాళ్లు దాచుకుని చెబితేనే మనదాకా వస్తుంది. మీరు చేయబోయే పనిలో అలాంటి మాటలకే ఎక్కువ విలువ ఇవ్వమంటాను.

ఇప్పుడు మీ ట్రంకు పెట్టె సంగతి.

కత్తిరింపులు అంటించిన నోటుబుక్కులను చాలా కుటుంబాలు తాతగారు ముచ్చటపడి దాచుకున్న ఆల్బమ్ అనుకుంటాయి. కొన్ని అలాంటివే కావచ్చు. కానీ స్థానిక విలేకరి కంట్రిబ్యూటర్‌గా ఉంటే అది ఆయన జీతం లెక్క అయ్యే అవకాశం ఎక్కువ. కంట్రిబ్యూటర్లకు నెల జీతం ఉండేది కాదు. అచ్చయిన వార్తలను కత్తిరించి, కాగితాల మీద అంటించి, కొలిచి, నెలాఖరున ఆఫీసుకు పంపితే దాన్నిబట్టి డబ్బు వచ్చేది. దాన్నే లైన్ అకౌంట్ అనేవాళ్లం. కత్తిరింపు పక్కన పెన్సిల్‌తో చిన్న అంకెలు, కింద కూడిక, నెల పేరు ఉన్నాయేమో చూడండి. ఉంటే మీ చేతిలో ఉన్నది బంగారం. ఏ వార్త ఆయనదో, ఆ నెల ఇంటికి ఎంత వచ్చిందో రెండూ ఒకే పేజీలో తెలుస్తాయి. వరసగా మూడు నెలలు వార్తలు తగ్గిపోతే ఆ మూడు నెలలు ఇంట్లో ఏం జరిగిందని అడగాలి. జబ్బా, చావా, ఆఫీసులో పేచీయా? ఉన్నట్టుండి పెరిగితే ఎన్నికలో, కర్ఫ్యూనో, వరదో వచ్చి ఉంటుంది. 1975 జూన్ తర్వాతి పేజీలు ఉంటే ప్రత్యేకంగా చూడండి. ఎమర్జెన్సీ సెన్సార్‌షిప్‌లో ధర్నాల వార్తలు మాయమై, ప్రారంభోత్సవాలూ పథకాల వార్తలూ నిండిపోవడం అలాంటి పుస్తకాల్లో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

అక్రెడిటేషన్ కార్డులు సమాచార పౌరసంబంధాల శాఖ ఇచ్చేవి. పత్రిక పేరు, హోదా, సంవత్సరం, ఫొటో ఉంటాయి. అన్నింటినీ ఏళ్ల వరసలో పేర్చి, మధ్యలో ఏ ఏళ్లు లేవో రాసుకోండి. పత్రిక మారారా, పత్రికే మూతపడిందా అన్నది ఆ ఖాళీల్లోంచే బయటపడుతుంది. టెలిగ్రాఫ్ శాఖ ఇచ్చిన ప్రెస్ టెలిగ్రామ్ కార్డు కనిపిస్తే జాగ్రత్త చేయండి. చేతినుంచి డబ్బు కట్టకుండా, పత్రిక ఖాతా మీద వార్త పంపే వీలు దానివల్ల ఉండేది. అది ఇచ్చారంటే పత్రిక ఆయన్ని గట్టిగా నమ్ముకున్నట్టే.

కాగితాల మీద ఇంటి నంబర్లు కూడా వదలకండి. పెళ్లి కార్డు, కరెంటు బిల్లు, ఉత్తరం కవరు, ఏదైనా సరే. హైదరాబాద్ పాత నంబర్లలో మొదటి రెండు అంకెలే పేట చెప్పేస్తాయి. 1-8 అయితే చిక్కడపల్లి, బాగ్‌లింగంపల్లి వైపు. 3-4 అయితే బర్కత్‌పురా, కాచిగూడ, లింగంపల్లి. 5-9 అయితే బషీర్‌బాగ్, అబిడ్స్ వైపు. పత్రికల వాళ్లు ఎక్కువగా చిక్కడపల్లి, నారాయణగూడ, నల్లకుంట, విద్యానగర్, రాంనగర్ చుట్టూ అద్దెకు ఉండేవాళ్లు. రాత్రి ఒంటిగంటకో రెండింటికో డ్యూటీ దిగితే బస్సు ఉండదు, సైకిల్ తొక్కుకుని పోయేంత దూరంలో ఇల్లుండాలి. ఏ ఏడు ఏ ఇంట్లో ఉన్నారో ఒక కాగితం మీద రాస్తే మీ నాన్న, అత్తలు, బాబాయిలు ఏ ఇంట్లో పుట్టారో, ఏ బడికి పోయారో దానంతటదే కుదురుకుంటుంది.

ఇక లైబ్రరీ పని. ముందు ఇంట్లో కూర్చుని రెండు నిలువు వరసల పట్టిక తయారు చేయండి. ఒక వరసలో ఇంటి తేదీలు: పెళ్లిళ్లు, పురుళ్లు, చావులు, ఇల్లు మారడాలు. రెండో వరసలో నగరం తేదీలు. 1952 సెప్టెంబర్‌లో ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమం, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు. 1969 తెలంగాణ ఉద్యమం. 1978లో రమీజాబీపై పోలీసుల అత్యాచారం, ఆ తర్వాత అల్లర్లు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించడం. 1990 డిసెంబర్ మతకలహాలు. 2000 ఆగస్టు వరదలు. ఇంట్లో పెద్దలకు ఏళ్లు గుర్తుండవు కానీ ‘ఆ గొడవప్పుడు’, ‘ఆ వానలప్పుడు’ అని గుర్తుంటుంది. రెండు వరసలూ కలిసేది అక్కడే.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇలాగే జరిగింది. చిన్నకొడుకు పుట్టిన రోజు తండ్రి ఇంటికి రాలేదని, మర్నాడు పొద్దున తడిసిన ప్యాంటుతో నేరుగా ఆసుపత్రికి వచ్చాడని ఆ తల్లి ఎప్పుడూ చెప్పేది. ఆమె మాటల్లో కొంత నిష్ఠూరం ఉండేది. కొడుకు సర్టిఫికెట్లో వేరే తేదీ ఉంది, బడిలో వేసేటప్పుడు ఎవరో రాయించింది. ‘బుద్ధుడు మునిగినప్పుడు’ అని ఆమె ఒకసారి అన్నది. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధవిగ్రహాన్ని తీసుకెళ్తున్న పడవ ఒరిగి విగ్రహం నీటిపాలైంది 1990 మార్చి 10న. ఆ వారం సంచికలు తీశాం. మొదటి పేజీలో పెద్ద వార్త ఎలాగూ ఉంది, అది వేరేవాళ్లు రాసింది. లోపలి పేజీలో గట్టు మీద ఎదురుచూస్తున్న కూలీల బంధువుల గురించి చిన్న వార్త ఉంది, పేరు లేదు. ఆయన రాతప్యాడ్‌లో అవే మాటలు, అదే వరసలో, పెన్సిల్‌తో ఉన్నాయి. ఆ వార్త చదివి వినిపించినప్పుడు ఆ తల్లి చాలాసేపు దాని గురించే అడిగింది: ఎవరెవరితో మాట్లాడాడు, వాళ్లకు ఏమైనా సాయం అందిందా అని. కొడుకు పుట్టినరోజూ తేలింది, ఆ రాత్రి ఆయన ఎక్కడున్నాడో కూడా తేలింది. మీ తాత చరిత్రలో ఇలాంటివి ఐదారు దొరికినా పుస్తకం నిలబడుతుంది.

సంచికలు చూసేటప్పుడు కొన్ని మెలకువలు. వార్త మొదట్లో ఉండే తేదీకి, పేపరు తేదీకి ఒక రోజు తేడా ఉంటుంది. 1950లు, 60ల్లో పెద్ద తెలుగు దినపత్రికలు చాలావరకు మద్రాసు, విజయవాడల్లో అచ్చయ్యేవి కనుక హైదరాబాద్ వార్త కోసం తర్వాతి రెండు మూడు రోజులు కూడా చూడాలి. ఒకే పత్రికకు ఒకే రోజు రెండు మూడు ఎడిషన్లు ఉంటాయన్నది మరచిపోకండి. దూరం జిల్లాలకు పోయేది ముందే అచ్చవుతుంది, సిటీ ఎడిషన్ ఆఖర్న. రాత్రి పదకొండు తర్వాత జరిగిన సంగతి సిటీ ఎడిషన్లోనే ఉంటుంది. లైబ్రరీలో బైండు చేసింది వేరే ఎడిషన్ అయితే మీ తాత వార్త అందులో ఉండనే ఉండదు. 1980ల చివర నుంచి జిల్లా, సిటీ అనుబంధాలు టాబ్లాయిడ్ సైజులో రావడం మొదలయ్యాక స్థానిక విలేకరి రాసిందంతా వాటిలోకే పోయింది. చాలాచోట్ల మెయిన్ పేపరును బైండు చేసి ఈ అనుబంధాన్ని పారేశారు. మన స్థానిక చరిత్రకు ఇంతకంటే పెద్ద నష్టం నాకు కనిపించదు. అందుకే మీ ఇంట్లోని కత్తిరింపులు కొన్ని వార్తలకు ఈ లోకంలో మిగిలిన ఏకైక ప్రతులు కావచ్చు.

వెళ్లాల్సిన చోట్లు: అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, అంటే 1891లో అసఫియా పేరుతో మొదలైన గ్రంథాలయం. సుల్తాన్‌బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. 2000 వరదలో అక్కడ ఎన్నో పుస్తకాలు తడిసిపోయాయి, అయినా చూడదగ్గది చాలా ఉంది. హైదరాబాద్‌లో దొరకని పాత సంచిక కోసం వేటపాలెం సారస్వత నికేతనానికి ఒక ప్రయాణం పెట్టుకోండి. ప్రెస్ అకాడమీ పాత పత్రికలు కొన్నింటిని స్కాన్ చేయించింది, వాటినీ చూడండి.

మీ తాత ఎప్పుడైనా సొంతంగా చిన్న వారపత్రికో పక్షపత్రికో నడిపారా అని ఆరా తీయండి. హైదరాబాద్‌లో దినపత్రికలో పనిచేస్తూనో, మానేశాకనో ఇలా చేసినవాళ్లు చాలామంది. అదే నిజమైతే పేరు ఖాయంగా దొరుకుతుంది. 1867 నాటి పత్రికల చట్టం ప్రకారం ప్రతి సంచిక మీద ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు వేయాల్సి ఉండేది, సాధారణంగా చివరి పేజీ అడుగున ఉంటాయి. దానికి తోడు 1956 నిబంధనలు వచ్చాక ఏటా ఫిబ్రవరి ముగిసిన తర్వాత వచ్చే మొదటి సంచికలో ‘ఫారం 4’ అనే ప్రకటన వేయాల్సి వచ్చింది. అందులో యజమాని, సంపాదకుడు, ముద్రాపకుడి పేర్లు, చిరునామాలతో సహా ఉంటాయి. కాబట్టి చిన్న పత్రికల మార్చి సంచికలు ముందు చూడండి. చిరునామా దొరికితే పైన చెప్పిన ఇంటి నంబర్ల పట్టికకు కలపండి.

జీతం కాగితాలు దొరికితే వాటి మీద పాలేకర్, బచావత్ అనే పేర్లు ఉన్నాయేమో చూడండి. పాత్రికేయులకు జీతాలు నిర్ణయించిన వేతన సంఘాలవి. పాలేకర్ అవార్డు 1980లో, బచావత్ 1989లో. ఆ స్కేలు అందిందంటే ఆయన స్టాఫ్‌లో ఉన్నట్టు. అందకపోతే ఇల్లు ఎలా గడిచింది అన్న ప్రశ్న వస్తుంది. పరువు నష్టం కేసు ఏదైనా పడి ఉంటే ఆ కాగితాలు కూడా పనికొస్తాయి. నిందితుడి తండ్రి పేరు, వయసు, ఇంటి చిరునామా అందులో రాస్తారు.

మనుషుల సంగతి కాగితాల కంటే తొందరది. సంపాదకుల దగ్గరికి పోవడం అందరూ చేస్తారు, వాళ్లకు గుర్తుండేది తక్కువ. కంపోజిటర్లను, ప్రూఫ్ రీడర్లను, ఫొటోగ్రాఫర్లను, డ్రైవర్లను, అటెండర్లను వెతకండి. సీసం అక్షరాల కంపోజిటర్ వందల మంది రాతను చూసినవాడు. ఒక కాగితం చూపిస్తే ‘ఇది ఫలానా సార్ రాత, వత్తులు ఇలాగే రాసేవారు’ అని చెప్పగలవాళ్లు నా ఎరికలో ఇంకా ఉన్నారు. ఫొటోగ్రాఫర్ల దగ్గర నెగెటివ్‌ల డబ్బాలు ఉంటాయి. ప్రెస్‌మీట్ ఫొటోల్లో రాజకీయ నాయకుడి ముందు నేల మీదో ముందు వరసలోనో కూర్చుని రాసుకుంటున్న వాళ్లలో మీ తాత ఉండొచ్చు. బషీర్‌బాగ్‌లో దేశోద్ధారక భవన్, ప్రెస్‌క్లబ్ దగ్గర పాతవాళ్లను అడిగితే ఒకరి నుంచి ఇంకొకరికి దారి దొరుకుతుంది. వెళ్లేటప్పుడు నోటుబుక్కుల్లోంచి రెండు కత్తిరింపుల జిరాక్సులు పట్టుకెళ్లండి. ‘మా తాత ఎలాంటివారు’ అని అడిగితే ‘చాలా మంచివారు’ అనే వస్తుంది. ‘ఈ వార్త వచ్చిన రోజు ఏం జరిగింది’ అని అడిగితే కథ వస్తుంది. కాపీ ఎలా పంపేవారు, బస్సు కవర్లోనా, ఫోన్లో చెప్పి రాయించేవారా, ఏ హోటల్లో కూర్చునేవారు, ఎవరితో పడేది కాదు, ఏ వార్త ఆగిపోయింది అని అడగండి. అచ్చుకాకుండా ఆగిపోయిన వార్తలే ఆ తరం ఎక్కువ కాలం మోసిన బరువు.

అన్నింటికంటే ఎక్కువ సమయం మీ నాయనమ్మ కోసం పెట్టమని కోరుతున్నాను. ఆమె ఉన్నారో లేరో మీరు రాయలేదు. లేకపోతే ఆమె చెల్లెళ్లు, మరదళ్లు, పెద్ద కూతురు. విలేకరి ఇల్లు అంటే పొద్దున లేచేసరికి గుమ్మంలో ఎవరో కాగితం పట్టుకుని నిలబడి ఉంటారు. పింఛను రాలేదనో, పోలీసులు కొట్టారనో. ఆయన అర్ధరాత్రి వచ్చి పడుకుని ఉంటాడు. వాళ్లతో మాట్లాడి, కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, ఏం జరిగిందో విని, ఆయన లేచాక చెప్పేది ఆమె. ఎన్నో వార్తలకు తొలి విలేకరి ఆమే. పండుగలకు సైతం ఆయన సొంతూరు పోయేవాడు కాదు. పత్రికకు సెలవున్న పండుగలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పిల్లల్ని వెంటబెట్టుకుని బతుకమ్మకు ఊరు పోయేది ఆమె ఒక్కతే. లైన్ అకౌంట్ డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో చీటీలు వేసి, కుట్టుమిషన్ తొక్కి, ఫీజులు కట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆమె పద్దుల పుస్తకం ఉంటే దాన్ని తాత నోటుబుక్కు పక్కన పెట్టి నెలనెలా చదవండి. ఈ రెండు పుస్తకాలను కలిపి చదివిన కుటుంబం ఇప్పటివరకు నాకు ఒక్కటీ తారసపడలేదు, మీరైనా చదవాలి.

ఆమె చదువు గురించీ వెతకండి. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారు నడిపిన బాలికల పాఠశాల 1928లో మొదలైంది. ఉర్దూ రాజ్యమేలుతున్న కాలంలో తెలుగులో చెప్పిన బడి కనుక పుణేలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. హైదరాబాద్ ఆడపిల్ల దగ్గర పుణే సర్టిఫికెట్ ఎందుకుందని ఆశ్చర్యపోయి పక్కన పడేసినవాళ్లున్నారు. మీరు అలా చేయకండి.

ఊరి మూలాల గురించి క్లుప్తంగా చెబుతాను, దాని మీద రాసేవాళ్లు నాకంటే తెలిసినవాళ్లు ఉన్నారు. మీ దగ్గరున్న ఉర్దూ కాగితాల్లో తేదీలు ఫసలీలో, అంటే నిజాం రాజ్యపు సర్కారీ లెక్కల సంవత్సరంలో, ఉండొచ్చు. ఫసలీ సంవత్సరానికి 590 కలపండి. 1356 ఫసలీ అంటే 1946-47. నిజాం రాజ్యంలో ఆ సంవత్సరం అక్టోబర్‌లో ఆజూరు నెలతో మొదలయ్యేది కనుక నెల కూడా చూసుకోవాలి. పొలం ఉన్న కుటుంబమైతే 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులో పట్టాదారు పేరు దొరుకుతుంది. ఫౌతీ కింద, అంటే పట్టాదారు చనిపోయాక, పట్టా మారినప్పటి కాగితాల్లో వారసుల పేర్లు ఉంటాయి. పొలం లేని కుటుంబమైతే నిరాశపడకండి. మన దగ్గర కులాలకు వంశాలు చెప్పేవాళ్లు ఉన్నారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడిగెలవారు, రెడ్లకు పిచ్చకుంట్లవారు, మాదిగలకు డక్కలివారు. వాళ్లు చెప్పే పురాణంలోంచి మీ ఇంటిపేరు, వలస వచ్చిన ఊరు పట్టుకోవచ్చు. పాత ఉర్దూ చేతిరాత కాగితాలను మసీదు దగ్గరో కోర్టు దగ్గరో పెద్దవాళ్లతో ముందు చదివించండి. ప్రభుత్వ కాగితాల కోసమైతే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి.

వెతుకుతున్నప్పుడు మీకు నచ్చనివీ తగులుతాయి. పండుగ సంచికలకు ప్రకటనలు తెమ్మని విలేకరిని యాజమాన్యాలు తరిమిన కాలం అది. ప్రకటన ఇచ్చిన ఆసామి మీద వార్త ఆగిపోయి ఉండొచ్చు. ఒక మంత్రి సాయంతో ఎవరికో ఉద్యోగమో, ఇంటి స్థలమో వచ్చి ఉండొచ్చు. దాచకండి. ఆయన జీతమెంతో, ఇంట్లో తినే నోళ్లెన్నో కూడా పక్కనే రాసి, జరిగింది జరిగినట్టు చెప్పండి. దాచి రాసిన పుస్తకంలో మిగతావి కూడా నమ్మకం పోగొట్టుకుంటాయి. బతికున్న మూడో మనిషి పేరు మాత్రం బయటపెట్టకండి.

నోటుబుక్కులను ముందుగా ఫొటోలు తీయండి. నీడపట్టున పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ప్రతి పేజీ నిండుగా. న్యూస్‌ప్రింట్ నాసిరకం కాగితం, ఎండ తగిలితే పచ్చబడి పొడిపొడి అవుతుంది. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి, లామినేషన్ అసలే వద్దు. మందపాటి మంచి కాగితం మీద జిరాక్సు తీయించి, దాన్నే వాడుకోండి. కార్డులను నోటుబుక్కుల్లో పెట్టకుండా విడిగా కవర్లలో ఉంచండి, జిగురు అంటుకుని ఫొటో ఊడుతుంది. పుస్తకం పూర్తయ్యాక నోటుబుక్కుల ఫొటోల ప్రతి ఒకటి భాషానిలయానికి ఇస్తే, ఆ పేటల చరిత్ర రాసే రేపటివాళ్లకు అందుతుంది.

కార్డుల మీదున్న పత్రిక పేరు, అన్నింటికంటే పాత కార్డు సంవత్సరం, నోటుబుక్కుల్లో పెన్సిల్ అంకెలు ఉన్నాయో లేదో, ఉర్దూ కాగితాల పైభాగంలో ముద్ర ఏదైనా ఉందో ఇక్కడే రాయండి. పత్రిక తెలిస్తే ఆ కాలంలో సిటీ డెస్కులో ఎవరుండేవారో, వాళ్లలో ఇప్పుడు మాట్లాడగలిగేవాళ్లు ఎవరో కనుక్కుని, వాళ్లనడిగి మీకు చెబుతాను.